నా నెమ్మది నాది

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరితోపాటు ముందుకు వెళ్లి మోకరించాను. పాస్టరుగారు చిన్న గాజు గిన్నె నా చేతికిచ్చారు. అది పెదాల దాకా రాకముందే ద్రాక్షరసం సగం నా తెల్లచీర మీద ఒలికింది. పక్కన మోకరించినావిడ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఆమె ఊరుకుని ఉంటే మిగతా సగమైనా తాగేదాన్ని. పట్టుకోవడంతో అదీ పోయింది.

అప్పటికి నా కుడిచెయ్యి వణకడం మొదలై ఏడాది కావస్తోంది. ఆ సంగతి మావారికి తెలుసు, నాకు తెలుసు. బయటికి వెళ్లినప్పుడు చేతిని చెంగు కింద దాచేదాన్ని, లేకపోతే బరువైన సంచి పట్టుకునేదాన్ని. ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటే వణుకు కొంత అణుగుతుంది. నలుగురి కళ్లూ నా మీద పడ్డాయని తెలిస్తే మాత్రం పట్టుకున్నది కూడా నిలవదు. ఆ రోజు సంఘమంతా చూసింది.

ఆరాధన అయ్యాక బావగారు వచ్చారు. మావారి అన్నయ్య ఆయన. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, మా చర్చికి సంఘపెద్ద.

"అమ్మా, ఇకనుంచి నువ్వు ముందుకి రానక్కర్లేదు. నీ చోటికే తెచ్చిస్తాం. లేదంటే ఇంటికే పంపిస్తాను. అందరూ చూస్తుంటే నీకే గదా బాధ," అన్నారు.

మాట మెత్తగానే ఉంది. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతారు. నేను మస్కట్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు ఇంటిల్లిపాదీ వద్దంటే, 'చదువుకున్న మనిషి, వెళ్లనివ్వండి' అని నా పక్షాన నిలబడింది ఆయనొక్కరే. అదే మనిషి ఇప్పుడు నన్ను ఇంట్లో కూర్చోమంటున్నారు. అందుకే ఆ మెత్తని మాట బాగా గుచ్చుకుంది.

"నాకు బాధేం లేదండి బావగారూ. చీరకి మరకయింది, అంతే," అన్నాను.

తర్వాతి వారం కాకినాడలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నన్ను వేళ్లు ఆడించమన్నారు, నడిచి వెనక్కి తిరగమన్నారు, కాగితం మీద నా పేరు రాయమన్నారు. రాస్తుంటే అక్షరాలు పోనుపోను చీమల్లా చిన్నవైపోయాయి. ఆయన నోరు విప్పకముందే జబ్బేమిటో నాకు తెలుసు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనపడని మాత్ర ఏదో నలుపుతున్నట్టు ఆడే చెయ్యిని వార్డుల్లో ఎంతమందికి చూశానో. అంతకు ముందునుంచే వాసనలు తెలియడం మానేశాయి. చేపల పులుసు మాడిపోతున్నా పొయ్యి ముందే నిలబడి ఉన్నాను ఒకరోజు. అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని నాలోనే తొక్కిపెట్టాను.

"పార్కిన్సన్స్ అమ్మా. మీకు చెప్పేదేముంది," అన్నారు డాక్టరు. "పూర్తిగా నయమయ్యేది కాదు. మందులతో అదుపులో పెడతాం. పోనుపోను మనిషి నెమ్మదిస్తారు. నడక, మాట, తిండి, అన్నీ నెమ్మదిస్తాయి. ఒళ్లు కదిలిస్తూ ఉండండి, మానొద్దు."

ఇంటికొచ్చేసరికి ఊరికి తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. మర్నాటినుంచి బత్తాయిలూ బిస్కట్ పొట్లాలూ పట్టుకుని పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట: "రెస్టు తీసుకోండమ్మా." ఒకావిడ నా చేతిలోంచి చీపురు లాక్కుంది. ఇంకొకావిడ కత్తిపీట తీసి అటకెక్కించింది. మరొకావిడ, టీ ఇవ్వబోతే కప్పు నా చేతిలోంచి అందుకుని, "మీరు కూర్చోండి" అంది. నా ఇంట్లో నేనే చుట్టమైపోయాను. రెండు వారాలు అలా కూర్చున్నాక, కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. జబ్బు నా దగ్గరనుంచి తీసుకోవాల్సినదాన్ని వీళ్లంతా కలిసి ముందుగానే తీసి దాని చేతిలో పెడుతున్నారని ఆ రోజు అర్థమైంది.

అప్పుడు గుర్తొచ్చింది మస్కట్ ఆస్పత్రి.

అక్కడ పెద్దవయసు రోగుల వార్డులో చాలాకాలం పనిచేశాను. తుంటి విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాళ్లు, నాలాగే వణికేవాళ్లు. వాళ్లకి వ్యాయామం చేయించడానికి మలేషియానుంచి వచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు ఉండేది. చైనా మూలాలున్న మనిషి, పొట్టిగా, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉండేది. పొద్దున్నే వరండాలో రోగుల్ని వరసగా నిలబెట్టి తాయ్‌చీ చేయించేది. చైనావాళ్ల పాత సాధన అది. చేతులూ కాళ్లూ నీళ్లలో కదిలినట్టు నెమ్మదిగా కదపాలి. ఒంటి బరువంతా ఒక కాలిమీద నిలిపి, రెండోది తేలికయ్యాకే అడుగు తియ్యాలి. ఊపిరి ఆ కదలికతోపాటే సాగాలి. అంతకు మించి అందులో మంత్రమూ లేదు, మర్మమూ లేదు.

నా పని రోగి వెనకాల నిలబడడం. తూలితే పట్టుకోవాలి. అన్ని ఏళ్లూ వాళ్ల వీపులు చూస్తూ నిలబడ్డాను. వాళ్లు అడుగేస్తే నేనూ వేశాను, వాళ్లు తిరిగితే నేనూ తిరిగాను. చేతులు మాత్రం ఎప్పుడూ లేపలేదు, అవి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి కనక. "నువ్వూ చెయ్యకూడదా?" అని ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. "నాకేం రోగం?" అన్నాను నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది.

అదంతా గుర్తొచ్చిన మర్నాడు తెల్లారాక మా డాబా ఎక్కాను. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి నిలబడ్డాను. అడుగులు వాటంతటవే వచ్చాయి. చేతులే కొత్త. కుడిచెయ్యి గాలిలోకి లేస్తుంటే వణికింది. వణికితే వణకనీ అనుకుని అలాగే లేపాను. భుజం ఎత్తుకి వచ్చేసరికి, ఎందుకో తెలీదు, వణుకు ఆగింది. దించాక మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో ఉన్న నాలుగు క్షణాలూ చెయ్యి నాది. అది చాలు నాకు రేపు మళ్లీ మెట్లెక్కడానికి, అనుకున్నాను.

డాక్టరు చెప్పిన మాట నాలో అప్పటిదాకా ముల్లులా ఉంది: మనిషి నెమ్మదిస్తారు. సరే, నెమ్మదించక తప్పనప్పుడు ఆ నెమ్మది జబ్బు పెట్టే భిక్ష ఎందుకు కావాలి? నేనే నేర్చుకుంటాను. మా బైబిల్లో నెమ్మది అంటే శాంతి కూడా. ఆ రెండు అర్థాల్లోనూ అది నాకు కావాలి.

మా డాబా రోడ్డుకి ఆనుకుని ఉంటుంది. కొబ్బరాకుల సందుల్లోంచి అందరికీ కనపడతాను. మూడోరోజుకే ఎదురింటావిడ కిందనుంచి అడిగింది: "ఏంటండి నర్సమ్మగారూ, దోమల్ని తోలుతున్నారా?"

"ఎక్సర్‌సైజండి," అన్నాను.

"ఆయ్," అంది. కానీ నమ్మలేదు. వారం తిరక్కుండా నర్సమ్మగారికి గాలి సోకిందని ఒకరు, జబ్బు తలకెక్కి మతి చలించిందని ఇంకొకరు అనుకుంటున్నారని మావారు బజారునుంచి విని వచ్చారు. ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఎవరి నోటా పడకుండా బతికారు.

"ఆ చేసేదేదో గదిలో తలుపేసుకుని చేసుకోకూడదా?" అన్నారు.

"గదిలో నాలుగడుగులేస్తే మంచం అడ్డం వస్తుంది."

"అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనివ్వండి. రేపు మంచాన పడితే జాలిపడతారు. జాలికంటే నవ్వే నయం."

ఆయన డాబా ఎక్కి చూసొచ్చారు. కాసేపటికి, "డాబాకి పిట్టగోడ పొట్టిది. తూలితే కిందకి పోతావు," అన్నారు. ఆ మాట నిజం. వెనక్కి తిరిగే అడుగు దగ్గర నాకూ భయంగానే ఉండేది. అందుకని డాబా మానేసి చర్చి ఆవరణలో మొదలుపెట్టాను. మా ఇంటికి దగ్గర, చదునైన నేల, పొద్దున్నే ఊడ్చి ఉంటుంది. పడినా ఇసక.

అక్కడ సాగింది ఎన్నాళ్లో కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో పెద్దల ముందుకు రమ్మని ఒక శనివారం నాకు కబురొచ్చింది. వెళ్తే బావగారే మాట్లాడారు. పాస్టరుగారు చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. తలవంచుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు దేవుని ఆవరణలో చేసేది ఏదో అన్యుల పద్ధతని కొందరు అభ్యంతరం చెప్పేరు. చైనావాళ్ల పూజలాంటిదంట. నీకు తెలీక చేస్తున్నావని నేను సర్దిచెప్పేను."

"తెలిసే చేస్తున్నానండి. పూజ కాదు."

"చేతులెత్తడం, కళ్లు మూసుకోవడం, అదంతా ఏంటమ్మా మరి?"

"కళ్లు మూసుకోనండి. మూసుకుంటే పడిపోతాను. చేతులెత్తింది ఎవరికీ మొక్కడానికి కాదు, దించగలనో లేదో చూసుకోడానికి."

ఎవరో నవ్వబోయి దగ్గారు. బావగారి ముఖం కొంచెం గట్టిపడింది. "ప్రార్థన ఉంది గదమ్మా. విశ్వాసముంటే దేవుడు స్వస్థపరచడా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాత్రంతా జవాబు వెతుక్కున్నాను కూడా. అక్కడ నిలబడ్డాక వెతుక్కున్నదేదీ నోటికి రాలేదు. వచ్చింది ఇది: "ప్రార్థన మానలేదండి బావగారూ. మాత్రలు వేసుకుంటున్నాను, దానికి మీరు అడ్డు చెప్పలేదు. మీరు షుగరుకి పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారు, దాన్నెవరూ పూజ అన్లేదు. మీరు త్వరగా నడుస్తారు, నేను నెమ్మదిగా నడుస్తాను. తేడా అంతే గదండి."

బావగారు అదే మెత్తని గొంతుతో, "నీ ఇంట్లో నీ ఇష్టం. ఆవరణలో మాత్రం వద్దు," అన్నారు.

"ఆవరణ మీది, వద్దంటే రాను. మానడం మాత్రం మాననండి," అని వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకు జబ్బుది కాదు, కోపానిది. రెంటికీ తేడా నాకు బాగా తెలుసు. కోపంలో ఒంట్లో వేడుంటుంది.

మా వీధి చివర కొబ్బరికాయలు వొలిచే కళ్లం ఉంది. భర్త పోయాక ఆ వ్యాపారం నడుపుతున్న పెద్దావిడను ఊరంతా పిన్నిగారంటారు. నుదుటిమీద పెద్ద విభూతిరేఖ, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. ఆవిడ మా ఇంటికి ఒక్కసారే వచ్చింది, అదీ చర్చిలో జరిగింది విన్నాక.

"మా కళ్లంలో చేసుకోండమ్మా. సిమెంటు నేల, చదునుగా ఉంటాది. కాయలొలిచేవోళ్లు వచ్చేదాకా ఖాళీయే గదండి," అంది.

"మీకేమైనా మాటొస్తుందేమోనండి."

"నాకా? ఆడది కొబ్బరి యాపారం చేత్తదా అన్నప్పుడే అన్ని మాటలూ అయిపోయినియ్. ఇంకేం మిగల్లేదు. రండి."

వెళ్లాను. ఒక పక్క కాయల రాశి, ఇంకో పక్క వొలిచిన పీచు డొక్కల గుట్ట, మధ్యలో విశాలమైన నేల. పిన్నిగారు కుర్చీ వేసుకుని కొన్నాళ్లు ఊరికే చూసింది. ఒకరోజు లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నా పక్కన నిలబడింది. ఎందుకని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు. పాదం ఎలా మోపాలో చూపించాను. మడమ ముందు, ఆనక అరికాలు, చివరికి వేళ్లు. "ఇంత మెల్లగానా? ఇది పనికంటే కట్టంగా ఉందండి," అని పళ్లు బిగించి చేసింది. నిజమే. మెల్లగా చెయ్యడంకంటే కష్టమైన పని నేను చూడలేదు. త్వరగా వేసే అడుగులో తప్పు దాగుతుంది, మెల్లగా వేసే అడుగులో దాగదు.

మావారు రోజూ నన్ను కళ్లం దాకా దింపి వెళ్లేవారు. కొన్నాళ్లకి గుమ్మంలో ఆగడం మొదలెట్టారు. ఒకరోజు వచ్చి నా వెనకాల నిలబడ్డారు, రెండు చేతులూ కొంచెం చాపి. అలా నిలబడడం అంటే ఏమిటో నాకు తెలియనిదా.

"వెనకాల వద్దు," అన్నాను. "పట్టుకుంటారని తెలిస్తే ఒళ్లు మీమీదికే వాలుతుంది. చేస్తే పక్కన నిలబడి చెయ్యండి, లేకపోతే ఇంటికెళ్లండి."

ఆయన చుట్టూ చూశారు. వొలుపు మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు. చెప్పులు విడిచి నా పక్కకొచ్చి, చేతులు ఎత్తారు. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకి. పూర్తయ్యేదాకా ఎవరి ముఖమూ చూడలేదు. కానీ మర్నాడు నాకంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. మా తోటికోడలు, అంటే బావగారి భార్య, ఒకరోజు కళ్లంలోకి వచ్చింది. అక్కా అంటాను ఆమెను. ఎన్నాళ్లనుంచో మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతుంది.

"అక్కా, బావగారికి తెలుసా?" అని అడిగాను.

"చెప్పే వచ్చేను. సంఘం మీది, మోకాళ్లు నావి అన్నాను."

"ఏమన్నారు?"

"పేపరు చదువుకుంటున్నారు. పేపరు అడ్డం పెట్టుకున్నారు," అంది.

బావగారు మారలేదు. ఆ ఏడాది సంఘంలో తప్పుడు బోధల గురించి ఒక ప్రసంగం కూడా పెట్టించారు. నేను ముందు వరసలో కూర్చుని ఆసాంతం విన్నాను. లేచిపోలేదు. ఆ చర్చి ఆయనకెంత సొంతమో నాకూ అంతే.

ఇదంతా చేస్తే జబ్బు తగ్గిందా అని అడిగేవాళ్లుంటారు. తగ్గలేదు. మాత్రల మోతాదు పెరిగింది. ఎడమచెయ్యి కూడా మొదలైంది. అయితే కుర్చీలోంచి ఒక్కసారికే లేస్తున్నాను. రోడ్డు మీద వెనకనుంచి ఎవరైనా పిలిస్తే తూలకుండా తిరుగుతున్నాను. తెల్లవారుజామున మెలకువ వస్తే ఒకప్పుడు గుండె దడదడలాడేది. ఇప్పుడు ఊపిరి ఎలా సాగనివ్వాలో తెలుసు. చేసిన మేలు ఇంత. ఇంతకు మించి చెబితే అబద్ధం.

కిందటి వర్షాకాలం ముందు కాకినాడ డాక్టరు దగ్గరనుంచి కోటిపల్లి రేవు మీదుగా తిరిగొస్తున్నాం. గోదావరి దాటించి ముక్తేశ్వరం వైపు తెచ్చే పెద్ద పడవ, పంటు ఎక్కాలి. పంటు ముందుభాగం ఇనపరేకు గట్టు మీదికి దించి ఉంటుంది, దాని మీదనుంచే మనుషులూ మోటారుసైకిళ్లూ ఎక్కుతాయి. ఆ రేకు అంచు చూడగానే నా పాదాలు నేలకి అంటుకుపోయాయి. ఈ జబ్బులో అలా అవుతుంది. గుమ్మాలు, గీతలు, అంచులు కనపడితే కాళ్లు మొరాయిస్తాయి. వెనకనుంచి ఎవరో తొందరలో తోశారు. ముందుకి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది, మణికట్టు మెలిపడింది.

ఇద్దరు మగవాళ్లు పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపబోయారు. "ఆగండి బాబూ. నేనే లేస్తాను," అన్నాను. పక్కకి దొర్లి, ఒక మోకాలు ఆన్చి, రెండో పాదం మోపి, బరువు దాని మీదికి వచ్చేదాకా ఆగి, లేచాను. పంటులో జనమంతా చూస్తున్నారు. ఎంతసేపు పట్టిందో తెలీదు. మోటారుసైకిలు వాళ్లు హారన్ కొట్టలేదు. పడవ నడిపేవాడు కూడా ఆగాడు.

సాయంత్రం అక్కని వెంటబెట్టుకుని బావగారు చూడ్డానికి వచ్చారు. నా కట్టు చూసి బాధపడ్డారు, అది నటన కాదు. వెళ్లబోతూ ఆగి, "ఆ సాధన నిన్ను పడకుండా ఆపలేదు గదమ్మా," అన్నారు.

"లేదండి. పడ్డాను. ఇంకా పడతాను కూడా. కానీ ఇవాళ నన్నెవరూ లేపలేదండి."

ఆయన అక్క వైపు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు కట్టుతోనే కళ్లానికి వెళ్లాను. ఒక్క చెయ్యే లేపాను.

ఈ ఉదయం వాన. కళ్లంలో నేల డొక్కల జిగురుతో జారుతోంది, ఇవాళ వద్దని పిన్నిగారు ఫోన్ చేసింది. ఇంటి ముందు వసారాలో మొదలుపెట్టాను, రోడ్డు వైపు తిరిగి. సగంలో ఉండగా అమలాపురం బస్సు మా గుమ్మం ఎదురుగా ఆగింది. ముందు ఏదో లారీ అడ్డం పడినట్టుంది, ఎంతకీ కదల్లేదు. కిటికీల నిండా ముఖాలు. ఒక ఆవిడ పక్కావిడను మోచేత్తో పొడిచి నన్ను చూపించింది. వెనక సీటులో ఎవరో ఫోను ఎత్తి వీడియో తియ్యడం మొదలెట్టారు. మావారు లోపల్నుంచి, "లోపలికి రాకూడదా కాసేపు?" అన్నారు.

వీడియో తీసుకోనివ్వండి అన్నాను. కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేపాను. వణికింది. బరువు ఎడమకాలి మీదికి మార్చి, కుడిపాదం ఎత్తి, వాళ్ల వైపే అడుగేశాను.